పడటానికి కూడా ఒక రోజు పెట్టుకోండి

మీది నల్లచెరువు కావచ్చు, తనకల్లు కావచ్చు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఏదైనా కావచ్చు. బెంగళూరులో ఉద్యోగం చేసే తమ్ముడు ఒక రాత్రి ఫోన్ చేస్తాడు. "అన్నా, ఈసారి మంచు చూసొద్దాం. స్కీయింగ్ కూడా చేద్దాం" అంటాడు. పిల్లలు ఎగిరి గంతేస్తారు. "అంత చలిలో మీకేం పనిరా" అని అమ్మ గొణుగుతుంది. మీరు మాత్రం ఆ రాత్రే వీడియోలు చూడటం మొదలుపెడతారు. తెల్లటి వాలు మీద ఎర్ర జాకెట్ మనిషి అటూ ఇటూ ఒంగుతూ హాయిగా జారిపోతుంటాడు. చూస్తే ఏమనిపిస్తుంది? "ఇందులో ఏముంది, నిలబడితే అదే జారుతుంది" అనే కదా?

జారడం నిజంగానే దానంతట అదే జరుగుతుంది. ఆగడమే ఎవరికీ రాదు.

మనవైపు నుంచి మంచు కొండలకు వెళ్లేవాళ్లు వేసుకునే ప్లాన్ ఒకసారి చూడండి. ఢిల్లీలో ఒక రోజు, సిమ్లాలో ఒక రోజు, మనాలిలో రెండు రోజులు, మధ్యలో షాపింగ్, గుడి, హాట్ స్ప్రింగ్స్. ఆ జాబితాలో ఎక్కడో ఒక మూల "స్కీయింగ్ - అరగంట". ఆ అరగంటలో ఏం జరుగుతుంది? దారిలో అద్దెకు తీసుకున్న ఓవరాల్, గమ్ బూట్లు తగిలించుకుంటారు. ఎవరో కాళ్లకు స్కీలు కడతారు. ఒకాయన చెయ్యి పట్టుకుని పది గజాలు లాగుతాడు, ఇంకొకాయన ఫొటో తీస్తాడు. అయిపోయింది. స్కీల మీద నిలబడ్డారు, అంతే. స్కీయింగ్ ఇంకా మొదలవనే లేదు.

ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. స్కీయింగ్‌కి వెళ్తే మీరు పడతారు, ఆగిపోతారు, వాతావరణం కోసం ఎదురు చూస్తారు. వీటన్నిటికీ ముందే టైమ్ పెట్టుకున్నవాళ్లు సంతోషంగా తిరిగొస్తారు. పెట్టుకోనివాళ్లు డబ్బు పోయిందని బాధపడుతూ వస్తారు. ఆ టైమ్ ఎలా పెట్టుకోవాలో వరసగా చూద్దాం.

1. ఒకే చోటు ఎంచుకోండి, అక్కడే నాలుగైదు రోజులు ఉండండి

మన దేశంలో కొత్తవాళ్లు స్కీయింగ్ నేర్చుకోవడానికి ప్రధానంగా మూడు చోట్లున్నాయి.

కశ్మీర్‌లోని గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, శ్రీనగర్ నుంచి దాదాపు 50 కిలోమీటర్లు. ఊరి పక్కనే కొత్తవాళ్లకు సరిపడే చిన్న వాలులున్నాయి. అక్కడి గొండోలా (కేబుల్ కార్) రెండు దశల్లో అఫర్వట్ శిఖరం దగ్గర సుమారు 3,950 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. మొదటి దశ 1998లో, రెండోది 2005లో మొదలయ్యాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు రెండో దశ ఎక్కినా చూసి గొండోలాలోనే దిగి రావాలి. అక్కడి నుంచి స్కీల మీద దిగడం అనుభవం ఉన్నవాళ్ల పని.

ఉత్తరాఖండ్‌లోని ఔలీలో వాలులు వెడల్పుగా, శుభ్రంగా ఉంటాయి. అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ, గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్, వారం, రెండు వారాల స్కీయింగ్ కోర్సులు నడుపుతూ వచ్చింది. పద్ధతిగా నేర్చుకోవాలంటే అలాంటి కోర్సు మంచి దారి. ఒక్క జాగ్రత్త: జోషిమఠ్ నుంచి ఔలీకి వెళ్లే రోప్‌వే 2023 జనవరిలో అక్కడ నేల కుంగిన తర్వాత ఆగిపోయింది. పాత వీడియోలు చూసి రోప్‌వేలో వెళ్దామని లెక్క వేసుకోకండి, రోడ్డు ప్రయాణానికి సిద్ధపడండి.

హిమాచల్‌లోని సోలాంగ్ లోయ మనాలికి 13 కిలోమీటర్లు. వెళ్లడం సులువు, అందుకే జనం కూడా ఎక్కువ. 2020 అక్టోబరులో 9 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక లాహౌల్ వైపు సిస్సు దాకా కూడా మంచు కోసం వెళ్తున్నారు. మనాలిలోని అటల్ బిహారీ వాజ్‌పేయి పర్వతారోహణ సంస్థ కూడా చలికాలంలో స్కీయింగ్ నేర్పుతుంది.

ఈ మూడింటిలో ఏది గొప్ప అని తల బద్దలు కొట్టుకోకండి. ఒకటి తేల్చుకుని అక్కడే ఉండిపోండి. స్కీయింగ్‌లో మొదటి రోజు నేర్చుకున్నది రెండో రోజు ఒంటికి పడుతుంది, మూడో రోజు ఆనందం ఇస్తుంది. రెండో రోజే పెట్టె సర్దుకుని ఇంకో ఊరికి పోతే మీకు మిగిలేది ఒళ్లు నొప్పులే.

2. సంక్రాంతికే వెళ్లాలని పట్టుబట్టకండి

సంక్రాంతి సెలవులు మనకు అనుకూలం. మంచుకు మన సెలవులతో పని లేదు. కశ్మీర్‌లో డిసెంబరు 21 నుంచి 40 రోజుల గడ్డు చలిని 'చిల్లై కలాన్' అంటారు. పేరుకు అది మంచు కాలమే. అయినా 2024లో జనవరి సగం దాటినా గుల్మార్గ్ వాలులు బోసిగానే ఉన్నాయి. 2025లో అక్కడ ఫిబ్రవరి నెలాఖర్లో జరగాల్సిన ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ మంచు చాలక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి. దేశం మొత్తం నుంచి ఆటగాళ్లు వచ్చే పోటీలకే ఈ గతి పడితే మన టికెట్లు ఏపాటి?

వాన కోసం ఆకాశం వంక చూసే చెనిక్కాయ రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అదునులో పడితేనే పంట. అందుకని:

- జనవరి ఆఖరి వారం నుంచి ఫిబ్రవరి మధ్య దాకా ఉన్న రోజుల్ని ముందు పరిశీలించండి. రిపబ్లిక్ డే సెలవుల రద్దీని తప్పించండి.
- తేదీ మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి వీలున్న గదులే బుక్ చేయండి. రెండు వందలు ఎక్కువైనా సరే.
- బయలుదేరే ముందు వారం హోటల్ వాళ్లకు ఫోన్ చేసి "మంచు ఉందా?" అని అడిగి ఊరుకోకండి. ఉందనే అంటారు. "ఈ రోజు తీసిన వీడియో పంపండి" అని అడగండి.

3. కాళ్లను ఇక్కడే సిద్ధం చేసుకోండి

"మంచే లేని చోట ఏం ప్రాక్టీసు చేస్తాం?" అంటారా? నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె మొదటి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి రాతి గుట్ట మీద. డార్జిలింగ్, లద్దాఖ్ శిక్షణలు ఆ తర్వాతే. మంచుకు ముందు రాయి పాఠం చెప్పింది.

మనకు రాళ్లకు కొదవా? పెనుకొండ కోట కొండ ఉంది. ఊరి పక్క గుట్ట ఉంది. నెలన్నర ముందు నుంచి వారానికి మూడు రోజులు ఎక్కి దిగండి. ఎక్కడం కంటే దిగడం మీద దృష్టి పెట్టండి. స్కీయింగ్‌లో తొడల ముందు భాగం మీద పడే భారం దిగేటప్పుడు పడే భారం లాంటిదే. దిగేటప్పుడు మోకాళ్లు కొద్దిగా వంచి, పరుగెత్తకుండా, అడుగడుగుకీ శరీరాన్ని అదుపులో పెట్టుకుంటూ రండి.

గుట్ట దాకా పోలేరా? ఇంట్లోనే గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండా కుర్చీలో కూర్చున్నట్టు నిమిషం సేపు ఉండండి. తొడలు వణుకుతాయి. ఆ వణుకు ఇక్కడ తీరిపోతే అక్కడ కాళ్లు మాట వింటాయి. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లు, బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు టికెట్ కొనకముందే డాక్టరును అడగాలి. కొన్న తర్వాత అడిగితే మనకు నచ్చిన జవాబు వచ్చేదాకా డాక్టర్లను మారుస్తూ పోతాం.

4. బట్టలు పొరలుగా వేసుకోండి, జీన్స్ ఇంట్లో పెట్టండి

మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే: లోపల బనియన్, పైన కాటన్ చొక్కా, కింద జీన్స్, అన్నిటిమీదా ఒక లావు స్వెట్టర్. పడిన మొదటిసారికే జీన్స్ తడుస్తుంది. తడిసిన కాటన్ ఆరదు, చలిని ఒంటికి అంటిస్తుంది. ఇక ఆ పూట అయిపోయినట్టే. మన గొర్రె కంబళి రాత్రి కప్పుకోవడానికి బ్రహ్మాండం. దాన్ని కప్పుకుని స్కీయింగ్ చేయలేం కదా.

మూడు పొరలు గుర్తుంచుకోండి. ఒంటికి అంటుకునేది చెమటను పీల్చి త్వరగా ఆరే థర్మల్. దాని మీద వెచ్చదనానికి ఫ్లీస్ లేదా ఉన్ని. అన్నిటికంటే పైన నీళ్లు, గాలి చొరబడని జాకెట్, ప్యాంటు. పై పొర అద్దెకు దొరుకుతుంది, లోపలి రెండూ మీవే తీసుకెళ్లండి. చేతులకు నీళ్లు దిగని గ్లోవ్స్, తలకు హెల్మెట్ తప్పనిసరి. హెల్మెట్ ఇవ్వని చోట స్కీలు తీసుకోకండి.

5. బూట్లకు అరగంట కేటాయించండి

అద్దె కొట్లో అందరూ తొందరపెడతారు. మీరు తొందరపడకండి. స్కీ బూటు గట్టి ప్లాస్టిక్‌తో ఉంటుంది. వేసుకున్నాక మడమ లేవకూడదు. నిటారుగా నిలబడితే కాలివేళ్లు ముందు భాగాన్ని తాకాలి, మోకాళ్లు వంచితే కాస్త వెనక్కి రావాలి. "వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది" అని పెద్ద సైజు అడుగుతారు చాలామంది. వదులు బూటులో కాలు ఒకవైపు తిరుగుతుంది, స్కీ ఇంకోవైపు పోతుంది. చలి అని రెండు జతల సాక్సులు వేయడం మరో పొరపాటు. రక్తప్రసరణ తగ్గి వేళ్లు ఇంకా చల్లబడతాయి. పొడవాటి ఉన్ని సాక్సు ఒక్క జత చాలు. థర్మల్ అంచు బూటులోకి దూరకూడదు. ఆ చిన్న మడత సాయంత్రానికి పుండు చేసి పెడుతుంది.

ఇంకొక మాట. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ గట్టిగా పడినప్పుడు ఊడిపోవాలి. ఊడకపోతే మోకాలు తిరిగిపోతుంది. మీ బరువు, ఎత్తు, వయసు, అనుభవం చూసి దాన్ని బిగించాలి. "నా బరువు ఇంత, నేను మొదటిసారి" అని మీరే చెప్పండి. సిగ్గుపడి బరువు తగ్గించి చెప్పకండి, ఇక్కడ పెళ్లిచూపులేం లేవు.

6. మొదటి రోజు మూడే పాఠాలు: పడటం, లేవడం, ఆగడం

ముందు స్కీ తొడుక్కోవడం. బూటు అడుగున మంచు గడ్డకట్టి ఉంటుంది. చేతికర్రతో తట్టి దాన్ని రాల్చండి. బూటు ముందు కొన బైండింగ్‌లో పెట్టి, మడమతో గట్టిగా కిందికి నొక్కండి. 'టక్' మని చప్పుడు రావాలి. రాలేదంటే ఇంకా మంచు మిగిలి ఉంది. మళ్లీ తట్టండి. వాలు మీద ఉంటే కింద వైపు స్కీ ముందు తొడుక్కోండి.

ఇక పడటం. వేగం పెరిగి అదుపు తప్పుతోందని తెలియగానే పక్కకు, తుంటి మీదికి వాలిపోండి. చేతులు కింద పెట్టి ఆపుకోవాలని చూడకండి, మణికట్టు దెబ్బతింటుంది. కర్ర వదిలేయండి. కర్ర పట్టుకునే పడితే బొటనవేలి మొదట్లో లిగమెంట్ సాగి నెలల తరబడి బాధపెడుతుంది. పడ్డాక వెంటనే లేవబోకండి. ఒక్క ఊపిరి తీసుకుని, రెండు స్కీలూ శరీరానికి కింద వైపు, వాలుకు అడ్డంగా ఉండేట్టు తిప్పుకోండి. స్కీల కొనలు వాలు కిందికి పెట్టి లేచారో, నిలబడేలోపే మళ్లీ జారతారు.

చివరిది ఆగడం. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి, మోకాళ్లు వంచి, లోపలి అంచులతో మంచును గీరుతూ రావాలి. ఇన్‌స్ట్రక్టర్లు దీన్ని 'పిజ్జా' అంటారు. కాళ్లు ఎంత వెడల్పు చేస్తే అంత నెమ్మది. అయితే ముందు కొనలు ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు.

ఇక్కడ మన ఒళ్లు మనకే ఎదురు తిరుగుతుంది. భయమేస్తే వెనక్కి వాలతాం. వెనక్కి వాలితే స్కీల ముందు భాగం తేలిపోయి వేగం ఇంకా పెరుగుతుంది. పిడికిలి బిగించుకుని వాలు దిగుతున్న నలభై ఏళ్ల నాన్నను ఊహించుకోండి. పక్కన పన్నెండేళ్ల కూతురు అప్పటికే నాలుగుసార్లు పడి లేచింది. "ఎనక్కి వాలుతాండావు నాయనా, ముందుకు వంగు!" అని అరుస్తుంది. ఆయన వినడు. మరుక్షణం మంచులో కూర్చుని ఉంటాడు. ఆ పిల్ల చెప్పిందే నిజం. పిక్క ముందు ఎముక బూటు ముందు అంచును నొక్కుతూ ఉందా లేదా అని చూసుకోండి. నొక్కుతుంటే మీరు సరిగ్గా నిలబడినట్టు.

ఇన్‌స్ట్రక్టర్లు హిందీ, ఉర్దూ మాట్లాడతారు. కదిరిలో, హిందూపురంలో పెరిగినవాళ్లకు ఉర్దూ చెవిన పడే ఉంటుంది. మిగతావాళ్లు 'రుకో' అంటే ఆగు, 'ఆగే ఝుకో' అంటే ముందుకు వంగు అని నేర్చుకుంటే సగం క్లాసు అర్థమైనట్టే.

7. రెండో రోజు మనసు కిందికి జారుతుంది, తెలుసుకోండి

మొదటి రోజు ఉత్సాహంలో నొప్పి తెలియదు. రెండో రోజు పొద్దున మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. తొడలు, పిక్కలు, మీకు ఉన్నాయని కూడా తెలియని కండరాలు మూలుగుతాయి. అప్పుడే తమ్ముడు చక్కగా మలుపు తిరుగుతూ దిగుతాడు. మీరు నిన్నటి చోటే పడతారు. "ఇంక చాలప్పా, నా వల్ల కాదు" అనాలనిపిస్తుంది. రూముకు పోయి హీటర్ ముందు కూర్చోవాలనిపిస్తుంది.

అలా అనిపించినప్పుడు ఈ పనులు చేయండి:

- పొద్దున రెండు గంటలు, భోజనం, మళ్లీ గంట. అంతకు మించి వద్దు. దెబ్బలు ఎక్కువగా తగిలేది అలసిన కాళ్లకే.
- "ఇంకొక్క రౌండ్" అన్న మాట నోటికి రాగానే ఆపేయండి.
- మిమ్మల్ని పక్కవాళ్లతో పోల్చుకోకండి. నిన్న ఎన్ని గజాలు ఆగకుండా వచ్చారు, ఈ రోజు ఎన్ని? అదొక్కటే చూసుకోండి.
- తమ్ముడితో పాఠం చెప్పించుకోకండి. భార్యాభర్తలు ఒకరికొకరు అసలు నేర్పకండి. డబ్బు తీసుకుని నేర్పేవాడి మీద మనకు కోపం రాదు.

గుల్మార్గ్ దగ్గరి తంగ్‌మార్గ్‌కు చెందిన ఆరిఫ్ ఖాన్ 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున పోటీపడిన ఏకైక క్రీడాకారుడు. జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచారు. స్లాలమ్ పోటీని పూర్తి చేయలేకపోయారు. చిన్నప్పటి నుంచీ మంచులో పెరిగిన మనిషికే ఒక పరుగు కుదిరి ఇంకొకటి కుదరలేదు. రెండో రోజుకే మీరు ఎందుకు కుంగిపోవాలి?

8. ఎత్తును, ఎండను, మూసిన గదిని తేలిగ్గా తీసుకోకండి

మన ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 500, 600 మీటర్ల ఎత్తు. పొద్దున బెంగళూరు దేవనహళ్లిలో విమానం ఎక్కి సాయంత్రానికి 2,600 మీటర్ల మీద నిద్రపోతారు. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, నిద్ర పట్టకపోవడం ఎత్తు వల్ల రావచ్చు. చేరిన రోజు విశ్రాంతిగా ఉండండి (స్కీయింగ్ రోజుల లెక్క మర్నాటి నుంచే), నీళ్లు బాగా తాగండి, మద్యం ముట్టకండి. తలనొప్పి తగ్గకపోతే ఇంకా పైకి వెళ్లొద్దు. నడక తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

"మే నెల ఎండలో తిరిగినోళ్లం, మాకు చలికాలం ఎండ లెక్కా?" అనుకోకండి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగిన కొద్దీ అతినీలలోహిత కిరణాల తీవ్రత దాదాపు 10 శాతం పెరుగుతుంది. కొత్త మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి పైకి కొడుతుంది. అందుకే గడ్డం కింద, ముక్కు కింద మాడుతుంది. సన్‌స్క్రీన్ అక్కడ కూడా రాయండి. కళ్లద్దాలు లేకుండా గంటలు గడిపితే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మంట. పిల్లలకు తప్పకుండా గాగుల్స్ పెట్టండి.

రాత్రి గదిలో బొగ్గు కుంపటో, కట్టెల బుఖారీయో పెడితే కిటికీ కొంచెం తెరిచి ఉంచండి, పడుకునే ముందు ఆర్పించండి. మూసిన గదిలో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలికి ఓర్చుకోవచ్చు. దీనితో ఆటలొద్దు.

9. ఖాళీగా పోయే రోజును ముందే లెక్కలో వేయండి

గాలి ఎక్కువైతే గొండోలా ఆపేస్తారు. మంచు ఎక్కువైతే రోడ్డు మూస్తారు. పొగమంచు కమ్మితే శ్రీనగర్ విమానం రద్దవుతుంది. ఇవి దురదృష్టాలు కావు, కొండల్లో మామూలే. కాబట్టి ఆరు రోజుల ప్రయాణంలో ఒక రోజు పూర్తిగా ఖాళీ ఉంచండి. తిరిగి వచ్చిన మర్నాడే ఆఫీసు, పెళ్లి, పరీక్ష పెట్టుకోకండి. 2025 జూన్ నుంచి కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ రైలు నడుస్తోంది. విమానం దెబ్బతీస్తే అదొక ప్రత్యామ్నాయం. రైలు ప్రయాణం ఇష్టమైనవాళ్లు ధర్మవరం మీదుగా ఢిల్లీ వెళ్లే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి, అక్కడి నుంచి ముందుకు పోవచ్చు.

మూసిన రోజు "ఏం కాదు, మనమే ఎక్కుదాం" అని గుర్తులు దాటి పోవద్దు. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్ పైవాలుల్లో మంచు చరియ విరిగిపడి రష్యా స్కీయర్ ఒకరు చనిపోయారు. తాడు కట్టి ఆపారంటే అది మీ సరదా చెడగొట్టడానికి కాదు.

మరి ఆ రోజు ఏం చేయాలి? పిల్లలతో మంచు బొమ్మ చేయండి. ఇంటి నుంచి తెచ్చిన చెనిక్కాయ ఉండలు, బొరుగులు బయటికి తీయండి. ఆ కాళ్లకు విశ్రాంతి కూడా అవసరమే. మర్నాడు వాలు మీద నిలబడగానే మీకే తెలుస్తుంది.

10. డబ్బు మాట ముందే తేల్చుకోండి

"స్కీయింగ్‌కి ఎంత?" అని అడిగితే ఒక అంకె చెబుతారు. అందులో ఏమేం ఉన్నాయో చెప్పరు. నాలుగు ప్రశ్నలు విడివిడిగా అడగండి: స్కీలు, బూట్ల అద్దె ఎంత? బట్టల అద్దె ఎంత? ఇన్‌స్ట్రక్టర్‌కు గంటకా, రోజుకా? లిఫ్ట్ టికెట్ ఎవరిది? సమాధానాలు వాట్సాప్‌లో రాయించుకోండి. గుల్మార్గ్ గొండోలా టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. దారిలో ఎవరైనా "నేనిప్పిస్తా" అంటే చేతులు జోడించి ముందుకు పదండి.

మరో రెండు సంగతులు. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. ఇంట్లో ఒకరిదైనా పోస్ట్‌పెయిడ్ నంబరు ఉండాలి. రెండోది, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకుంటే సాహస క్రీడలకు వర్తిస్తుందో లేదో చదవండి. చాలా పాలసీల్లో ఇది విడిగా తీసుకోవాల్సి ఉంటుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట

లేక్ టాహోకో, కొలరాడోకో మిత్రులు లాక్కెళ్లి నేరుగా పైకి ఎక్కించి "దిగిపో" అంటారు. అక్కడి వాలుల గుర్తుల్లో ఆకుపచ్చ వృత్తం కొత్తవాళ్లకు, నీలం చతురస్రం మధ్యస్థాయికి, నల్ల డైమండ్ ఆరితేరినవాళ్లకు. మొదటి రెండు రోజులు ఆకుపచ్చ దాటకండి. ఎవరు నవ్వినా సరే. ఊరి నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటే వాళ్లను వాలు కింద వణుకుతూ నిలబెట్టకండి. లాడ్జిలో కిటికీ పక్కన వేడి కాఫీతో కూర్చోబెట్టండి. మీరు పడేది వాళ్లకు అక్కడి నుంచి కూడా బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది

పుస్తకం మూసేముందు మూడు పనులు చేయండి. తమ్ముడికి ఫోన్ చేసి, జాబితాలోని ఊళ్లలో ఒకటి ఉంచి మిగతావి కొట్టేయించండి. క్యాలెండర్‌లో ఆరు రోజులు గుర్తు పెట్టి, మొదటి రోజు మీద 'విశ్రాంతి' అని, రెండో రోజు మీద 'పడటం' అని, ఒక రోజు మీద 'ఖాళీ' అని రాయండి. రేపు పొద్దున ఎండ రాకముందే దగ్గర్లో ఉన్న గుట్ట ఎక్కి, మోకాళ్లు వంచి, నెమ్మదిగా దిగండి.

అక్కడికి వెళ్లాక మూడో రోజో, నాలుగో రోజో చిన్న వాలు పైనుంచి బయలుదేరి, రెండు మలుపులు తిరిగి, ఎవరూ పట్టుకోకుండా మీరు అనుకున్న చోట ఆగుతారు. చూసేవాళ్లకు అది పెద్ద విషయం కాకపోవచ్చు. మంచే పడని నేల నుంచి వెళ్లి అంతవరకు వచ్చారంటే, అది మీరు సంపాదించుకున్నదే. ఆ తర్వాత పెద్ద వాలు ఎక్కాలా వద్దా అన్నది మీ ఇష్టం.